కొత్త టైర్లకు నలభై చాలు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కాలినడకన పోయేవాడు అదృష్టవంతుడు, కారులో కూర్చున్నవాడు అభాగ్యుడు. మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. రోడ్డు సగం రేకుల వెనక దాక్కుంటే, మిగతా సగంలో బస్సులూ ఆటోలూ కోచింగ్ సెంటర్ల పిల్లలూ మేమూ. ఇప్పుడు ఆ స్తంభాల మీద చల్లగా రైల్లో పోయేవాళ్ళకి కింద ఒకప్పుడు ఎంత దుమ్ముండేదో చెబితే నమ్మరు. నాకు మాత్రం ఆ దుమ్మంటే ఇప్పటికీ బెంగే. (దుమ్ము మీద బెంగేంటి అని మా ఆయన నవ్వుతారు. ఆయనకి దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి. ఆయనకేం తెలుసు.)

తెనాలి వైపు నుంచి మొదటి ఉద్యోగానికి వచ్చి, మధురానగర్‌లో లేడీస్ హాస్టల్‌లో దిగాను. ఆఫీసు సోమాజిగూడలో. నేను రోజూ బస్సులో నలిగి, జడ ఊడి, సగం ప్రాణంతో వస్తుంటే చూడలేక మా అకౌంట్స్ సెక్షన్ అన్న ఒకరోజు, "నీ తొవ్వలనే కదా చెల్లె నేనొచ్చేది, కార్ల కూసో" అన్నాడు. ఆఫీసంతా ఆయన్ని అన్న అనే పిలిచేది. ఆయన ఎర్రగడ్డ నుంచి బయల్దేరి ఎస్.ఆర్. నగర్‌లో రిసెప్షన్ మేడమ్‌నీ, కంప్యూటర్ సెక్షన్ అబ్బాయినీ ఎక్కించుకుని, తర్వాత నా దగ్గరికి వచ్చేవాడు. ఆ అబ్బాయికి నోట్లో నాలుక లేదు, చెవుల్లో మాత్రం ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు. అందుకని నా మనసులో అతని పేరు ఇయర్‌ఫోన్. నేనా, నోరు తెరిస్తే మూసేదాన్ని కాదు. తెనాలిలో మా వీధి సంగతులన్నీ రోజుకు కొన్ని చొప్పున ఆ కారులో చెప్పేశాను.

అప్పట్లో అన్న కారు తోలితే మా ప్రాణాలు అరచేతిలో ఉండేవి. రెండు బస్సుల మధ్య జానెడు సందు కనిపిస్తే చాలు, దూర్చేసేవాడు. ఆ తోలుడికి టైర్లు అరిగి అరిగి గుండ్లయిపోయి, ఒక శనివారం పొద్దున పంజగుట్ట ఫ్లైఓవర్ కింద వెనక టైరు ఢామ్మంది. వెనక పోలీసు విజిల్, ముందు అన్న తిట్లు. రిసెప్షన్ మేడమ్ ఫోనులో మాట్లాడుతూ పక్కకి తప్పుకున్నారు. కారు తోయడానికి నేను వంగబోతుంటే ఇయర్‌ఫోన్ ఒక చెవిది తీసి, "మీరు చున్నీ సర్దుకోండి, నేను తోస్త" అన్నాడు. అన్ని వారాలు ఒకే సీట్లో కూర్చున్నాక అతను నాతో అన్న మొదటి మాట అది. అందులో ఏముందని అడక్కండి. ఆ పూటంతా నాకు ఆఫీసులో పని సాగలేదు.

సాయంత్రం అన్నా, ఇయర్‌ఫోనూ, నేనూ అక్కడికి దగ్గర్లోనే ఉన్న టైర్ల దుకాణానికి వెళ్ళాం. చక్రం అంచు కూడా సొట్టపోయిందంటే, అన్న పట్టుదలకు పోయి నాలుగు చక్రాలూ నాలుగు టైర్లూ కొత్తవి వేయించాడు. ఆ పాత కారుకి అవి, ముసలాయనకి కొత్త పళ్ళసెట్టు పెట్టినట్టున్నాయి. పసుపు కుంకుమ పెట్టి, నాలుగు నిమ్మకాయలు తొక్కించాక దుకాణం భాయ్ అన్నాడు, "చూడన్నా, కొత్త రబ్బర్. మీద నున్నగ ఉంటది, రోడ్డును పట్టుకోదు. కొన్ని దినాలు జర మెల్లగ పో. బ్రేక్ గట్టిగ కొట్టకు, టర్నింగ్ గుంజకు." ఆయన చెప్పింది అంతే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, మా అన్న ఆ మాటని ఉపదేశంలా తీసుకున్నాడు.

సోమవారం నుంచి కారు నలభై దాటలేదు. (ఆ రోడ్డు మీద నలభై అందుకోవడమే గొప్ప, అది వేరే సంగతి. రోడ్డు ఖాళీ దొరికినా దాటేవాడు కాదు, దాని గురించి చెబుతున్నాను.) అరటిపళ్ళ బండి అతను ఒకరోజు మమ్మల్ని దాటిపోతూ వెనక్కి తిరిగి, "ఖరాబయిందా అన్నా" అని అడిగాడు. "టైర్లు కొత్తయి" అన్నాడు అన్న గర్వంగా. వారం తిరక్కుండా రిసెప్షన్ మేడమ్ దీనికన్నా బస్సే నయమని చెప్పి మారిపోయారు. ఆవిడ ఖాళీ చేసిన ముందు సీట్లోకి నేను మారబోతే అన్న ఒప్పుకోలేదు. "ముంగట నా బరువు చాలు. మీరిద్దరు ఎనకనే, ఇటొకలు అటొకలు కూసోండ్రి. టైర్ల మీద సమానంగ పడాలె" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఆయన టిఫిన్ క్యారియర్ కూర్చునేది. దాని సొట్టలన్నీ నాకిప్పటికీ గుర్తే.

అంత మెల్లగా పోయే కారులో ఎంతసేపని నేనొక్కదాన్నే మాట్లాడను? కొన్నాళ్ళకి అతనూ ఒకటీ అరా మాట కలిపాడు. వాళ్ళ అమ్మ చేసే సర్వపిండి గురించి ఒకరోజు, రూములో ఉప్మా మాడ్చిన సంగతి ఒకరోజు. వానాకాలం మొదలయ్యాక నా వైపు కిటికీ అద్దం పైకి రానని మొండికేస్తే, తన గొడుగు కారులోనే తెరిచి నా భుజం దగ్గర అడ్డం పెట్టాడు. అమీర్‌పేట నుంచి సోమాజిగూడ దాకా కారులో గొడుగు కింద వెళ్ళాం. పక్క బస్సులో జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. చూస్తే చూశారు, నాకు మాత్రం ఆ వాన ఆగకూడదనిపించింది. ఇంకో రోజు చూద్దును కదా, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి కానీ తీగ చివర దేనికీ గుచ్చి లేదు, జేబు బయట వేలాడుతోంది. ఎంత పరధ్యానం మనిషో అని నవ్వుకున్నాను. నా మొహం, తెలివి అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

ఒక సాయంత్రం అన్న మీటరు చూసి, "అయిపోయింది. టైర్లు సెట్టయినయ్. రేపటి సంది ఇగ ఉరుకుడే" అన్నాడు. మళ్ళీ పావుగంటలో ఆఫీసు, పావుగంటలో హాస్టలు. నేను చెప్పాలనుకున్నది ఇంకా గొంతులోనే ఉంది, అతను చెబుతాడేమో అనుకున్నదీ రాలేదు. నాకే తెలియకుండా నోరు కదిలింది. "అన్నా, మా నాన్నగారు చెప్పారు, వానల్లో కొత్త టైర్లకి ఇంకో నెల జాగ్రత్త కావాలంట." మా నాన్నగారు జన్మలో సైకిలు తప్ప వేరే బండి ఎరగరు. అన్న అద్దంలోంచి నన్ను కాసేపు చూసి, "గట్లనా. పెద్దమనిషి చెప్తే ఇనాలె" అన్నాడు. నలభై కొనసాగింది.

కొనసాగి ఏం లాభం? ఇద్దరం కలిసి సర్వపిండి, ఉప్మా, వాన, ట్రాఫిక్ అన్నీ మాట్లాడాం, ఆ ఒక్క మాట తప్ప. దసరా ముందు అతనికి పూణేలో ఉద్యోగం వచ్చింది. ఆఖరి సాయంత్రం అన్న ఎందుకో మరీ మెల్లగా, సందుల్లో తిప్పి తిప్పి తీసుకొచ్చాడు. హాస్టల్ గేటు దగ్గర అతను దిగి నా వైపు తలుపు తీశాడు. "మంచిదండి" అన్నాడు. "జాగ్రత్తండి" అన్నాను. అంతే. మెట్లెక్కి గదిలోకి పోయి, తలుపు గడియ పెట్టి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావే అని రూమ్మేట్ అడిగితే సైనస్ అని చెప్పాను.

తర్వాత నాకు పెళ్ళయింది, పాప పుట్టింది, కారు వచ్చింది. మా ఆయన మంచివారు, కాకపోతే ఎనభైకి తగ్గరు. పోయిన నెల మా కారు టైర్లు గుండ్లయ్యాయి. ఇంటి దగ్గరే మార్పిద్దామని ఆయనంటే, వద్దు, నేనే వెళ్తానని పంజగుట్ట ఆ దుకాణానికే వెళ్ళాను. అక్కడ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ అన్న. జుట్టంతా తెల్లబడింది.

"ఏం చెల్లె, నీయి సుత గుండయినయా?" అని పక్కన చోటిచ్చి, నాకూ చాయ్ చెప్పాడు. పిల్లలూ ఆరోగ్యాలూ అయ్యాక తాపీగా అడిగాడు, "నాన్నగారు మంచిగున్నరా? టైర్ల సంగతులు ఇంకేమన్న చెప్తున్నరా?"

నాకు చాయ్ పొలమారింది. "అన్నా, నీకు అప్పుడే తెలుసా?"

"ఎందుకు తెల్వది? ఆయనకు సైకిల్ తప్ప రాదని అంతకుముందు వారమే నువ్వు చెప్పినవ్. అది గాక, నువ్వు చెప్పిన మర్నాడు గా తమ్మి వచ్చిండు నా దగ్గరికి. వాళ్ళ మేనమామకు వరంగల్‌ల టైర్ల దుకాణం ఉందట, ఇంకో నెల మెల్లగ తోలుమన్నడట." అన్న ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "వానికి మేనమామనే లేడు చెల్లె."

"మరి నువ్వైనా ఒక్క మాట చెప్పొచ్చు కదన్నా" అన్నాను.

"నేనేం చెప్త? చెప్పుకోవాల్సింది మీరు. టైమ్ కావాలెగావచ్చని నలభైల తోలిన. ఆఖరి రోజు ఇరవైల తోలిన." చేతులు రెండూ చాపి నా వైపు చూశాడు. "ఇంకెంత మెల్లగ తోలాలె చెల్లె?"

నిమ్మకాయలు తొక్కించి బయల్దేరుతుంటే దుకాణం భాయ్ నాకూ అదే చెప్పాడు, కొత్త రబ్బర్, జర మెల్లగ అని. వెనక ఆటో అతను హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. "అక్కా, జర జల్ది" అన్నాడు. టైర్లు కొత్తవయ్యా అని చెప్పి నలభైలోనే పోయాను. మా ఇల్లు అటు కాదు. అయినా మధురానగర్ మీదుగా వెళ్ళి, ఆ హాస్టల్ ముందు కారు కాసేపు ఆపి, ఆనాటి తెనాలి వాగుడుకాయ పిల్లని అక్కడ దింపేసి ఇంటికొచ్చాను.