బొగ్గు తట్టల సీను

పోలమ్మను తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. ఆవిడ మీద కాదు, మా అందరి మీద. మా ఖరగ్‌పూర్ తెలుగు సంఘం నాటకాలకు నలభై ఏళ్లుగా బట్టలు కుట్టింది ఆవిడే. రాజుగారి అంగరఖా అయినా, బిచ్చగాడి బొంత అయినా ఖరిదా పేటలో ఆవిడ ఒంటి గది ఇంట్లో, కాలితో తొక్కే మిషను మీద తయారు కావాల్సిందే. ఒక్కసారైనా వేదిక మీదికి పిలిచి దండ వేశామా? లేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది.

నిరుడు వార్షికోత్సవానికి దొరల కాలం నాటకం వేద్దామనుకున్నాం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో ఎలా కుదురుకున్నారన్నది కథ. సుభాష్‌పల్లిలో మా అధ్యక్షుడు నూకయ్య ఇంట్లో మీటింగు. ఆయన రిటైరైన ఫోర్‌మన్. టీలు తాగుతూ రెండు గంటలు దొర గురించే మాట్లాడుకున్నాం. టోపీ ఏ రంగు, బూట్లకు లేసులా బకిళ్లా, కోటు గుండీలు ఇత్తడివా కొమ్మువా. పాత ఫోటోలు భూతద్దం పెట్టి మరీ చూశారు. దొర దుస్తులు కోల్‌కతా నుంచి అద్దెకు తేవాలని తీర్మానం. ఇంజను అట్టతో చేయాలా, ప్లైవుడ్డుతోనా అని ఇంకో గంట. మినిట్స్ రాసింది నేనే కాబట్టి ఇవన్నీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

ఇక లేద్దామనుకుంటుండగా ఎవరో, "మరి బొగ్గు మోసే ఆడోళ్లకో?" అన్నారు. లోకోషెడ్డులో బొగ్గు తట్టలు నెత్తిన పెట్టుకుని, ఏటవాలు బల్ల మీదుగా ఇంజను మీదికెక్కి పోసింది మన ఆడవాళ్లే. నాటకంలో రెండో సీను అదే.

"ఏవో మెరుపు సీరలు కట్టించీండి. స్టేజీ మీద కలరుగా ఉంటాది," అన్నాడు నూకయ్య.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న పోలమ్మ తలెత్తింది. "మెరుపు సీరలేటి నూకయ్యా? మాయమ్మ ముతక నేతసీర గోచీ పోసి మోకాలి మీదకి కట్టీది. రవిక నేదు. నాను సూసినాను కదా."

"బెంగాలీ దాదాలొస్తారప్పా. ఆఫీసర్లొస్తారు. మన ఆడోళ్లని అలాగ సూపిస్తే పరువేటవుతాది?" అన్నాడు నూకయ్య. అప్ప అంటే మావైపు అక్క.

ఒళ్లు మండదూ! దొర బూటు లేసు దాకా నిజం కావాలి, మన తల్లుల చీర మాత్రం అబద్ధం కావాలి. అక్కడున్న మిగతా పన్నెండు మందిమీ ఆయన మాటకు తలూపాం. నేనూ ఊపాను. ఆ సంగతి దాచిపెడితే ఇది చెప్పే హక్కు నాకు లేదు.

పోలమ్మ అలిగి ఇంట్లో కూర్చోలేదు. ఖరిదా బజారులో ఎనిమిది ముతక చీరలు కొని, టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఎండేశాక బొగ్గుపొడి రుద్దింది. లోపల తొడుక్కోవడానికి ఒంటిరంగు గుడ్డతో జాకెట్లు కూడా కుట్టింది. "ఇప్పుడెవులికీ సిగ్గు నేదు కదా," అని నాకు చూపించింది. ఇంతకంటే మర్యాదగా ఎవరైనా ఏం చేస్తారు?

రిహార్సల్లో బొగ్గు మోసే ఆడవాళ్ల పెద్ద వేషం పూజది. బ్యాంకులో పనిచేసే అమ్మాయి. కమిటీ ఇచ్చిన నైలాన్ చీరలో బల్ల ఎక్కబోయింది. సగంలో కుచ్చిళ్లు కాలికి అడ్డంపడి, తట్టతో సహా కింద పడింది. మోకాలు చెక్కుకుపోయింది. పోలమ్మ ఆ పిల్లను తెర వెనక్కి తీసుకెళ్లి, పది నిమిషాల్లో తాను సిద్ధం చేసిన ముతక చీర గోచీ పోసి కట్టించి, నెత్తిన చుట్టకుదురు పెట్టి పంపింది. పూజ తట్టెత్తుకుని బల్ల మీద గబగబా ఎక్కేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"మామ్మా, ఇలాగైతే రోజంతా ఎక్కీగలను!" అని పైనుంచి అరిచింది.

ఆ పిల్ల నడక చూస్తే నాకు ఎంత గర్వమో! నూకయ్య కూడా చూశాడు. మొహం నల్లగా మాడ్చుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న అందరి ఫోన్లకూ మెసేజి వచ్చింది. టైము చాలదట, రెండో సీను తీసేశారట. టైమట! దొర పుట్టినరోజు విందు డాన్సు మాత్రం ఎనిమిది నిమిషాలూ అలాగే ఉంది.

నాటకం రోజు హాలు నిండిపోయింది. తెర లేచింది. ప్లైవుడ్డు ఇంజను నిజం ఇంజనులాగే పొగ వదిలింది. దాని నిండా బొగ్గు. మా సంఘం కుర్రాడు ప్రశాంత్, దొర వేషంలో ఇత్తడి గుండీలు మెరిపిస్తూ వచ్చి పచ్చజెండా ఊపాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు మూడో వరసలో పోలమ్మ లేచి నిలబడింది.

"బొగ్గెవులు మోసినారు?"

తెర వెనక పాడుతున్న పాట ఆగిపోయింది. ముందు వరసలోంచి నూకయ్య లేచి వెనక్కి తిరిగాడు. "అప్పా, కూకో. ఇంటికెళ్లి మాటాడుకుందుం."

"ఇంటికెళ్లేటి? అప్పుడు నాకు ఆరేళ్లు. మాయమ్మకి సోడంబలి అట్టుకెళ్లినాను. బల్ల మీద మాయమ్మ ముందు, మీయమ్మ ఎనక. నువ్వు మీయమ్మ కడుపులో ఉన్నావు. నెలలు నిండిన కడుపుతోటి తట్టెత్తుకుని ఎక్కింది. పరువేటవుతాదని ఆ తల్లి ఎవుల్నీ అడగనేదు తమ్ముడూ."

నేను రెండో వరసలో, నూకయ్యకు సరిగ్గా వెనకే ఉన్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పక్కనున్న కొడుకు కిరణ్‌కుమార్ వంగి అడిగాడు. "నాన్నా, నాయనమ్మ ఎప్పుడూ గడప దాటనేదని కదా సెప్పినావు?"

నూకయ్య వేదిక మీది ఇంజను వైపు చూశాడు.

"బొగ్గు మోసింది రా," అన్నాడు చివరికి. డెబ్బై రెండేళ్లు వచ్చాక.