నా బొటనవేలు నాది కాదన్న రోజు

ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఇరుకు గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే ఆ రోజుల్లో మనిషికి రెండే రకాల పిచ్చి పట్టేది. ఒకటి కరెంట్ అఫైర్స్ పిచ్చి. రెండోది ఆ కరెంట్ అఫైర్స్ నుంచి పారిపోవడానికి ఏది దొరికితే దాని పిచ్చి. కొందరు ప్రేమించేవారు, కొందరు కవిత్వం రాసేవారు. నేను ఆదివారాలు వెనక అడవిలోకి పోయి బండరాళ్లు ఎక్కేవాణ్ణి. దీన్ని బౌల్డరింగ్ అంటారనీ, తాడూ గీడూ లేకుండా రెండు నిలువుల ఎత్తు రాయిని కాళ్లతో చేతులతో పాకడమే ఇందులో ఉన్న పరమార్థమనీ నాకు ఉపదేశించినవాడు మా పక్క గది కరీంనగర్ కుర్రాడు. వాడికి మేం పెట్టిన పేరు తిరకాసు. ఏ పనైనా ఉన్నది ఉన్నట్టు చేస్తే వాడికి తిన్నది అరగదు. (మ్యాగీ వండినా ముందు మసాలా మరగబెట్టి, ఆ తర్వాతే నూడుల్స్ వేసేవాడు. రుచిలో తేడా ఏమీ ఉండేది కాదు.)

మూడేళ్లు చదివి, చివరికి నాకో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం తగిలింది. మిగిలింది సోమవారం పొద్దున సర్టిఫికెట్ల పరిశీలన ఒక్కటే. అందులో మెషిన్ మీద ఎడమ బొటనవేలు పెట్టాలి. పరీక్ష హాల్లో తీసుకున్న ముద్రతో అది కలిస్తే, పరీక్ష రాసినవాడూ వచ్చినవాడూ ఒకడేనని లెక్క. కాకినాడలో మా అమ్మ అంతవరకూ ఆగలేక వీధంతా స్వీట్లు పంచేసింది. ముందురోజు ఆదివారం తిరకాసు రాళ్లెక్కుదాం రమ్మని తలుపు కొట్టేసరికి బయట వాన పడుతోంది. నేను రానంటే రానన్నాను.

"ఒక్క గంటనే అన్నా. రేపట్నుంచి నువ్వు ఆఫీసర్‌వి. మల్ల మా మొఖం జూస్తవా?"

"వానరా బాబూ!"

"ఆగుతది. ఆగినంక పోదాం."

వాన నిజంగానే ఆగింది, నా ఖర్మ. మేం ఎప్పుడూ ఎక్కే ఏటవాలు బండని మొదటిసారికే ఎక్కేసి, దిగి, "అయిపోయింది, పద" అన్నాను. "గట్లయితే అందరెక్కుతరన్నా. ఎడమ దిక్కు పెద్ద పట్టు ముట్టకుండ ఎక్కు" అన్నాడు. సరే, ముట్టకుండా ఎక్కాను. మళ్లీ వాన. కీకర అనే తుమ్మ చెట్టు కింద నిలబడ్డాం (దాని ఆకులు ఎంత చిన్నవంటే, కింద నిలబడ్డా బయట నిలబడ్డా ఒకటే). వాన వెలిశాక నా చొక్కా విప్పించి దాంతోనే రాయి తుడిపించాడు. వాడి చొక్కా కొత్తదట. ఈసారి కుడికాలు ఆనించకూడదన్నాడు. అదీ అయింది. ఇంకో జల్లు, ఇంకోసారి తుడవడం. నాకు ఒళ్లు మండిపోతోంది. అయినా వాడు కొత్త షరతు చెప్పగానే కాళ్లు రాయి వైపే నడిచేవి.

"లాస్ట్ అన్నా, ఒట్టు. కుడి చెయ్యి జేబుల వెట్టుకో."

తొమ్మిదిసార్లు జారాను. రాయేమో గరుకు కాగితంలా ఉంది, వేళ్లేమో పొద్దుటినుంచి వానకు నాని మెత్తబడ్డాయి. జారినప్పుడల్లా ఎడమచేతి తోలు కాస్త రాతికి సమర్పించుకుంటూ, పదోసారి పైకి చేరాను. పైన నిలబడి గావుకేక పెడితే ఎక్కడో నెమలి బదులు పలికింది. నిజం చెప్పొద్దూ, ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. వేళ్ల కొసలు పసిపిల్లల బుగ్గల్లా నున్నగా, గులాబీ రంగులో ఉండటం చూసి మురిసిపోయాను కూడా, వెధవని.

మర్నాడు మెషిన్ ఎర్ర లైటు వేసింది. దాని ముందు కూర్చున్నావిడ "ఫిర్ సే లగాఇయే" అంది. మళ్లీ పెట్టాను. ప్యాంటుకు తుడిచి పెట్టాను, జుట్టుకు రాసి పెట్టాను. ఎనిమిదిసార్లూ ఎరుపే. వెనక లైన్లోవాళ్లు నన్ను దొంగని చూసినట్టు చూడటం మొదలెట్టారు. ఆవిడ పెద్దాఫీసరుని పిలిచింది. నా కాగితాలు తిరగేసిన ఆయన తెలుగాయనే అని తెలిసి ప్రాణం లేచొచ్చింది గానీ, అది ఎంతోసేపు నిలవలేదు.

"ఏవయ్యా, పరీక్ష నువ్వే రాశావా?"

"నేనేనండి. నిన్న రాయెక్కితే వేళ్లు అరిగిపోయాయండి."

"రాయా? పైన ఏవుంది?"

"ఏం లేదండి. ఎక్కి, మళ్లీ దిగిపోతాం."

"మరి కుడిచేతి వేళ్లు బాగానే ఉన్నాయే?"

"ఒంటిచేత్తో ఎక్కానండి."

"ఎందుకూ?"

"రెండు చేతుల్తో అప్పటికే ఎక్కేశానండి."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "పది రోజులు టైమిస్తున్నా. అప్పటికీ ముద్ర కలవకపోతే, పరీక్ష రాసింది నువ్వు కాదని రాయాల్సొస్తుంది. తర్వాత నా చేతుల్లో ఏం ఉండదు" అన్నారు.

ఆ పది రోజులు నా బొటనవేలిని చంటిబిడ్డలా సాకాను. కొబ్బరినూనె రాసి, గుడ్డ చుట్టి, నీళ్లు తగలనివ్వలేదు. నా బట్టలు తిరకాసు చేత ఉతికించాను, గిన్నెలు తోమించాను, తోముతున్నంతసేపూ తిట్టాను. వాడు అన్నీ విని, "నేనంటే అన్న గానీ అన్నా, నువ్వెందుకు జేబుల వెట్టుకున్నవ్?" అన్నాడు. ఒళ్లు ఇంకా మండి, ఇంకో రెండు గిన్నెలు వాడి ముందు పడేశాను. రోజూ ఫోన్ లైటు వేసి వేలు చూసి "రెండు గీతలొచ్చినయ్" అని వార్తలు చెప్పేవాడు. అమ్మ ఫోన్ చేసి ఎప్పుడు చేరతావంటే "సర్వర్ పనిచెయ్యట్లేదమ్మా" అనేవాణ్ణి. ఆ పది రోజుల్లో ఢిల్లీలో ఒక్క చినుకు పడితే ఒట్టు! రాళ్లన్నీ పొడిగా, ఎక్కమన్నట్టు పడున్నాయి. సాయంత్రాలు తిరకాసు ఒక్కడే వెళ్లొచ్చేవాడు.

పదో రోజు మొదట ఎరుపు, మళ్లీ ఎరుపు. మూడోసారి ఆఫీసరుగారే వచ్చి నా వేలు పట్టుకుని, పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, మెల్లగా నొక్కారు. పచ్చ లైటు! నాకంటే ముందు ఆయనే ఊపిరి వదిలారు. "ఇంక ఆ రాళ్లు మానెయ్ నాయనా" అన్నారు. ఏడుపు ఆపుకుంటూ "అలాగేనండి" అన్నాను. ఆ మాట మీదే నిలబడ్డాను కూడా. నా బతుకులో అడగ్గానే ఒప్పుకుని, తు.చ. తప్పకుండా పాటించిన మాట అదొక్కటే.

ఇప్పుడు రోజూ పొద్దున ఆఫీసు గుమ్మంలో అదే వేలు మెషిన్ మీద పెడతాను. ఏడెనిమిదేళ్లుగా ఒక్కనాడూ కాదనలేదు, తాకీ తాకగానే పచ్చ లైటే. మా సెక్షన్‌లో నా అంత మంచి వేలు లేదని పేరు. వాన పడి వెలిసిన రోజుల్లో మాత్రం, ఆ లైటు చూస్తే కాస్త చిరాకేస్తుంది. ఇది నేనేనని అంత తేలిగ్గా ఎలా నమ్మేస్తుందో!