బదులమ్మ వదిలేసిన విభక్తి

మా అక్కను వాళ్ల ఆఫీసులో అందరూ బదులమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, ఇప్పుడు మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. ఆ పేరు ఊరికే రాలేదు. శాసనసభ ఒక చట్టాన్ని సవరించినప్పుడు చట్టమంతా తిరిగి రాయరు. "ఫలానా సెక్షనులో 'బండి' అను పదమునకు బదులుగా 'వాహనము' అను పదము ఉంచవలెను" అని ఒక ముక్క రాసి పంపుతారు. అచ్చయిన పుస్తకంలో ఆ బండి ఎక్కడుందో వెతికి, దాన్ని దింపి, వాహనాన్ని ఎక్కించి, చుట్టూ చదరపు బ్రాకెట్లు కట్టి, ఏ చట్టం ద్వారా ఏ తేదీ నుంచి మారిందో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాయడం మా అక్క ఉద్యోగం. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు సంపాదకురాలు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. రోజుకు నలభైసార్లు "బదులుగా" అనే మనిషికి ఇంకేం పేరు పెడతారు?

ఇంట్లోనూ అదే వరస. "ఈ కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేశావే" అని నేనంటే, "ఏ తేదీ నుంచి?" అని అడిగే రకం. మా బావ బస్సు డిపోలో మెకానిక్. "పెళ్లిరోజే మీ అక్క నా చుట్టూ బ్రాకెట్లు కట్టేసిందమ్మా. నా బదులు ఇంకొకణ్ణి ఉంచవలెనని ఎవరైనా సవరణ తెస్తే బాగుండు" అంటాడు. మా అక్క కళ్లద్దాల పైనుంచి చూసి, "ఈ సభలో మెజారిటీ నాది" అంటుంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఇద్దరిలో మెజారిటీ ఎలా వచ్చిందో ఆయనకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

నేను దర్జీపని చేస్తాను. అతుకు కనపడకుండా వేయడమే గొప్ప అని నా నమ్మకం. ఒకసారి ఆ మాటే అంటే మా అక్క ఒప్పుకోలేదు. "మా దగ్గర అతుకు కనపడాలి. చట్టంలో మాట మార్చి, మార్చినట్టు తెలీకుండా చేస్తే అది దొంగతనం" అంది. కంప్యూటర్లు లేని రోజుల్లో కొత్త పదాన్ని చీటీ మీద అచ్చువేయించి, కత్తిరించి, పాత పదం మీద జిగురుతో అతికించేది. అతికించే ముందు పాత పదం కోసం ఒక చెక్క స్కేలును లైను కింద పెట్టి, చదివి, స్కేలు జరిపి, మళ్లీ చదివేది. మూడొందల పేజీల చట్టమైనా సరే, మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఆ స్కేలు దిగాల్సిందే.

ఐదేళ్ల కిందట కంప్యూటరు వచ్చింది. పాత పదం చెబితే తనే వెతికి కొత్త పదం పెట్టేస్తుంది. మొదటిరోజే 'పని' బదులు 'విధి' పెట్టమంటే, అది 'చెప్పని' అనే మాటలో కూడా దూరి 'చెప్విధి' అని తయారు చేసి పెట్టింది. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారట. ఆ రోజునుంచి అక్క ఆ యంత్రం మార్చిన ప్రతిచోటుకూ వెళ్లి సరిచూసేది. మార్చకూడనిది మార్చేస్తుందేమోనని భయపడిందే తప్ప, మార్చాల్సింది వదిలేస్తుందేమోనని అనుకోలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ మరుసటి ఏడాది మార్కెట్ల చట్టానికి సవరణ వచ్చింది. ఆ చట్టంలో 'కుమారుడు' అను పదం వచ్చిన ప్రతిచోట దానికి బదులుగా 'సంతానము' అను పదం ఉంచవలెనని. ఆ ఆదివారం మా ఇంటికొచ్చి అక్క గొప్పలు పోయింది. "పదకొండు చోట్లే! అరనిమిషం. స్కేలు తియ్యనే లేదు తెలుసా?" నాకు బాగా గుర్తుంది. ఆవిడ గొప్పలు పోగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక మా మార్కెట్టు సంగతి. నా కుట్టుమిషను కొట్టు పక్కనే తాళాల తాత కొట్టు. కొట్టు తాత పేరు మీదే ఉన్నా, పదేళ్లుగా తాళాలు విప్పేదీ, తాళంచెవులు కోసేదీ ఆయన కూతురు. ఆయనకు చేతులు వణకడం మొదలయ్యాక స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెప్పేవాడు, ఆమె ఆకురాయి పట్టేది. ముప్పై రెండేళ్లొచ్చినా మాకందరికీ ఆమె తాళాలమ్మాయే. పోయిన ఏడాది తాత పోయాడు. నెల తిరక్కుండానే మార్కెట్టు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వచ్చే సోమవారంలోగా కొట్టు ఖాళీ చేయాలట.

ఆమె పరిగెత్తుకెళ్లి అడిగితే, గుమాస్తా పుస్తకం తెరిచి పద్నాలుగో సెక్షను చూపించాడు. "దుకాణదారు మరణించినచో ఆ దుకాణమును అతని కుమారునికి ఇవ్వవలెను."

"నీకు అన్నో తమ్ముడో ఉన్నారా?" అని అడిగాడు.

"లేరండీ. నేనొక్కదాన్నే."

"మరి నేనేం చేసేది తల్లీ? పుస్తకంలో ఏముంటే అదే."

ఆమె వచ్చి నాకు చెబితే ఒళ్లు మండిపోయింది. పదేళ్లు ఈ ఊరి తలుపులన్నీ తెరిచిన పిల్లకు తన తలుపు మూసేస్తారా! అందులోనూ పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం ఎవరి చేతిలో తయారవుతుందో నాకు తెలీదా? ఆ పేజీని ఫోనులో ఫొటో తీయించి, నా కొట్టు మూసేసి, బుధవారం పొద్దున్నే తాళాలమ్మాయిని వెంటబెట్టుకుని అక్క ఆఫీసుకు వెళ్లాను.

రెండో అంతస్తులో చివరి గది. గోడ పొడవునా ఎర్ర అట్టల పుస్తకాలు, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఎప్పుడో ఎండిపోయిన జిగురు సీసా. అక్క ఫోను తీసుకుని పేజీ ఒకసారి చదివింది. లేచి సవరణ చట్టం, పాత పుస్తకం, కొత్త పుస్తకం మూడూ తెచ్చి పరిచింది. సొరుగులోంచి చెక్క స్కేలు తీసి పద్నాలుగో సెక్షను కింద పెట్టింది.

"నేనే వదిలేశాను," అంది.

వెనకేసుకు రావాలనిపించింది నాకు. "నువ్వెందుకు? ఆ కంప్యూటరు కదా వదిలేసింది?"

"దానికేం తెలుసే? 'కుమారుడు' వెతకమన్నాను, 'కుమారుడు'నే వెతికింది. 'కుమారునికి'లో 'డు' ఏదీ? 'డు' పోయినంత మాత్రాన కొడుకు కొడుకు కాకుండా పోడని మనకు తెలుసు, దానికి తెలీదు. అందుకే నేను చదవాలి. చదవలేదు."

తాళాలమ్మాయికి సగమే అర్థమైంది. "అయితే ఇప్పుడు చట్టం మార్చాలాండీ? సోమవారంలోగా అవుతుందా?"

"చట్టం మారి మూడేళ్లయిందమ్మా. మారనిది నా పుస్తకమే. ఆ కొట్టు నీది. కూర్చో, ముందు మంచినీళ్లు తాగు."

ఆ పిల్ల గ్లాసు పట్టుకుని ఏడ్చేసింది. నాకు మళ్లీ కోపం వచ్చింది. మూడేళ్లలో ఎంతమంది కూతుళ్లు ఈ పేజీ చూసి నోరు మూసుకుని వెళ్లిపోయారో! ఆ మాట పైకి అనలేదు. అక్క మొహం చూస్తే, ఆవిడ అప్పటికే అదే ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది.

ముద్రణలో తప్పు దొర్లితే దిద్దడానికి వాళ్ల పెద్ద అధికారి సంతకం కావాలి. చట్టంలో ఆయన పదవిని సంచాలకుడు అంటారు, మాటల్లో డైరెక్టరుగారు. మర్యాదస్తుడే, కానీ ఒకటికి పదిసార్లు ఆలోచించే మనిషి. అక్క మమ్మల్నిద్దర్నీ కూడా లోపలికి తీసుకెళ్లింది. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"సవరణలో ఉన్నది 'కుమారుడు'. మీరు మార్చమంటున్నది 'కుమారునికి'. రెండూ ఒకటి కాదు కదమ్మా. అక్షరం దాటే హక్కు మనకు లేదని అందరికీ చెప్పేది మీరే కదా? సభకు రాద్దాం. వచ్చే సమావేశాల్లో వాళ్లే తేలుస్తారు."

వచ్చే సమావేశాలు ఆరు నెలల తర్వాత. ఈ పిల్ల చేతిలో ఉన్నవి ఐదు రోజులు.

"చిన్నప్పుడు బళ్లో విభక్తులు చదివారాండీ?" అంది అక్క.

"చదవకేం?"

"మొదటిది చెప్పండి."

ఆయనకు నవ్వొచ్చింది. "డు, ము, వు, లు, ప్రథమా విభక్తి."

"మరి కి, కు?"

"కి, కు, యొక్క, లో, లోపల, షష్ఠీ విభక్తి." ఎన్నేళ్లయినా ఆ పాట గొంతులోంచి పోదు. గుమ్మం దగ్గర ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ అటెండరు కూడా పెదవులు కదిపాడు.

"విభక్తి మారితే పదమే మారిపోతుందా? చొక్కా మార్చుకుంటే మనిషి మారిపోతాడా?"

"అది వ్యాకరణం. ఇది చట్టం," అన్నాడాయన.

ఆ మాట వస్తుందని అక్కకు ముందే తెలుసు. చంకలో పెట్టుకొచ్చిన ఇంకో పుస్తకాన్ని ఆయన ముందు తెరిచింది. "ఇది మన ఆఫీసు చట్టం. పదిహేనేళ్ల కిందట సవరించారు. 'పర్యవేక్షకుడు' అను పదమునకు బదులుగా 'సంచాలకుడు'. ఐదో సెక్షను చదవండి."

"ముద్రణలో దొర్లిన తప్పులను సరిదిద్దు అధికారము సంచాలకునికి కలదు," అని చదివాడు.

"సంచాలకునికి. అంతకుముందు అక్కడ ఉన్నది 'పర్యవేక్షకునికి'. సవరణలో 'నికి' లేదు, 'డు' మాత్రమే ఉంది. నేనే చీటీ కత్తిరించి అతికించాను. తడిమి చూడండి, ఇప్పటికీ చేతికి తగులుతుంది. డు వేరు, నికి వేరు అంటే చెప్పండి, ఈ చీటీ పీకేస్తాను. అప్పుడు ఆ అధికారం పర్యవేక్షకుడిది. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. మీరూ, మీ ముందువాళ్లూ ఈ సెక్షను కింద పెట్టిన సంతకాలేవీ చెల్లవు. ఏం చేద్దామంటారు?"

ఆయన వేలితో ఆ చీటీని తడిమాడు. కాసేపు తడుముతూనే ఉన్నాడు.

"పీకకండి," అన్నాడు చివరికి.

అక్క అక్కడే నిలబడి తప్పొప్పుల చీటీ రాసింది. పద్నాలుగో సెక్షనులో 'కుమారునికి' అని ఉన్నచోట 'సంతానమునకు' అని చదువుకొనవలెను, సంపాదకురాలి పొరపాటు వలన ఇది విడిచిపెట్టబడినది, అని. దానికి తోడు, ఈ సెక్షను కింద మూడేళ్లుగా తిరస్కరించిన అర్జీలన్నీ మళ్లీ చూడమని అన్ని మార్కెట్టు ఆఫీసులకూ ఒక ఉత్తరం. ఆయన ఉత్తరం మీద సంతకం పెట్టి, చీటీ దగ్గర ఆగాడు.

"ప్రధాన సంపాదకుల పదవికి ఈ నెలాఖరుకు మీ పేరు పంపాలనుకుంటున్నాను. ఇలాంటప్పుడు ఈ కాగితం ఎందుకమ్మా? 'సంపాదకురాలి' బదులు 'సాంకేతిక' అని పెట్టండి. సాంకేతిక పొరపాటు. ఎవరికీ నష్టం లేదు."

ఆయన మంచి కోరే అన్నాడు. నేనైతే ఎగిరి గంతేసి ఒప్పుకునేదాన్ని. పక్కనుంచి అక్క మోచేతిని గిల్లాను కూడా.

"'సంపాదకురాలి' అను పదమునకు బదులుగా 'సాంకేతిక'," అని అక్క నెమ్మదిగా పలికి చూసుకుంది. "సభను సవరణ చేయమనండి. అప్పుడు మారుస్తాను."

ఆయన సంతకం పెట్టాడు. చీటీ శుక్రవారానికల్లా మార్కెట్టు ఆఫీసు చేరింది. సోమవారం పొద్దున తాళాలమ్మాయి ఎప్పటిలాగే షట్టరు ఎత్తింది. ప్రధాన సంపాదకుల పదవి మాత్రం పక్క గదిలో ఉండే కుర్రాడికి పోయింది. నేను రెండు రోజులు అన్నం సయించక తిరిగాను. మా అక్క "వాడికి స్కేలు పట్టడం నేర్పాలి" అని ఊరుకుంది.

ఆ ఉత్తరం వల్ల మిగతా మార్కెట్లలో ఇప్పటికి నలుగురు కూతుళ్లు తేలారు. ఇద్దరికి కొట్లు తిరిగొచ్చాయి. మిగతా ఇద్దరి కొట్లు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయాయి, వాటి ఫైళ్లు ఇంకా నడుస్తున్నాయి. ఆ నలుగురి ఊర్లూ అక్క తన స్కేలు వెనక పెన్సిలుతో రాసుకుంది. వాటిలో రెండు ఇంకా కొట్టేయలేదు.

తాళాలమ్మాయి ఆ తప్పొప్పుల చీటీ ప్రతి ఒకటి అడిగి తీసుకుని కొట్టు లోపలి గోడకు అతికించుకుంది. మొన్న మా అక్క బీరువా తాళంచెవి పోగొట్టుకుని వచ్చింది. తన వంతు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన ఊసుపోక గోడ మీది కాగితం పైకి చదివి, "సంపాదకురాలి పొరపాటట! ఎవరో ఆ మహాతల్లి!" అన్నాడు.

"నేనే," అంది మా అక్క. "అమ్మాయ్, నా తాళంచెవి అయిందా?"