రెండేళ్ళ షరతు

మా మేడమీద కిరాయికి ఉండే వాళ్ళ అమ్మాయి పోయిన నెల ఒక ఉద్యోగపు కాగితం తెచ్చి, సంతకం పెట్టే ముందు ఒకసారి చూడమంది. మానేశాక ఏడాదిపాటు అదే పని చేసే మరో కంపెనీలో చేరకూడదన్న షరతు కంటబడగానే, కొలువులో ఉన్నన్నాళ్ళే ఇట్లాంటివి చెల్లుతాయమ్మా, బయటికొచ్చాక బతుకుదెరువు చూసుకోవద్దనే షరతు మన చట్టం ముందు నిలవదు అని గడగడా చెప్పేశాను. పిల్ల నిశ్చింతగా వెళ్ళిపోయింది. నాకే తల కొట్టేసినట్టయింది. ఆ ఒక్క మాట నా తమ్ముడికి చెప్పలేకపోయినదాన్ని నేను.

తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట పుట్టి, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసు నేను చూసుకునేదాన్ని కనుక, మా సార్‌కు చెప్పి వాణ్ణి నేనే చేర్పించాను. మానేస్తే రెండేళ్ళపాటు చుట్టుపక్కల ఎక్కడా పాఠం చెప్పకూడదన్న స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించిందీ నేనే. వాడు చదవనైనా చదవలేదు, అక్క వేలు పెట్టి చూపించిన చోట పెట్టాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్‌ల మధ్య క్లాసులు సరిగా నడవక సార్ అందరి జీతాలూ సగం చేస్తే, అప్పుడే పాప పుట్టిన మా తమ్ముడు ఉద్యోగం మానేసి ఎల్బీనగర్‌లో ఇంటి ముందుగదిలోనే ట్యూషన్ పెట్టుకున్నాడు. మా దగ్గరి పిల్లలు చాలామంది వాడి వెంటే పోయారు. బోర్డు మీద కావాలని తప్పు చేసి, ఎక్కడ తప్పిందో వాళ్ళచేతే పట్టించే మాస్టరును ఏ పిల్లలు వదులుకుంటారు?

నోటీసు ఇప్పించమని సార్ నన్ను ఎల్బీనగర్ కోర్టుకు పంపారు. ఉద్యమం కోసం కోర్టు పనులు మానేసి వకీళ్ళంతా గేటు ముందు టెంటులో కూర్చున్నారు. మా వకీలు ఆ కాగితం చూసి నవ్వాడు.

"నోటీసంటే ఇస్తనమ్మా. గని కొలువు ఇడిసినంక గీ షరతు చెల్లది. కాంట్రాక్టు చట్టంల ఇరవై ఏడో సెక్షన్ సదువుకోమను మీ సార్‌ను."

వచ్చి అదే చెప్పాను. సార్ తలెత్తకుండానే అన్నారు, "ఆ సంగతి అతనికి తెలియాలా ఏంటండీ? నోటీసు పంపించండి."

నోటీసు అందిన రోజు తమ్ముడు నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చాడు.

"అక్కా, నిజంగ గిది చెల్లుతదా? నువ్వెట్లంటే గట్ల."

సార్ గది తలుపు తెరిచే ఉంది. మా ఆయన పని పోయి ఇంట్లో ఉన్నారు, నా జీతమే ఆధారం. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు. ఆ రోజు నేనన్నది ఇది:

"సంతకం పెట్టినవ్ గద తమ్మీ. పసిపిల్లను పెట్టుకొని కోర్టుల చుట్టు తిరుగుతవా?"

ఆ వారమే పిల్లల్ని పంపించేసి, కొత్తపేటలో చుట్టాల చీరల దుకాణంలో చేరాడు. రెండేళ్ళు గడిచాయి, రాష్ట్రమూ వచ్చింది, వాడు మాత్రం మళ్ళీ చాక్‌పీసు పట్టలేదు.

మొన్న ఆదివారం వాడింటికి వెళ్ళి, ఇన్నేళ్ళూ దిగమింగుకున్నది కక్కేశాను.

"నాకెరుకే అక్కా. గా వకీలు ఆ ఏడే మా షాపుకు చీరలు కొననీకొచ్చిండు. నోటీసు సంగతి ఎత్తితే, గది చెల్లదని మీ అక్కకు అప్పుడే చెప్పిన గద అన్నడు."

మరి నన్నెందుకు అడగలేదురా అన్నాను.

"నువ్వే చెప్తవేమోనని చూసిన."

మరదలు చాయ్ తెచ్చింది. తాగాం. ఏం మాట్లాడామో గుర్తు లేదు.

మన కాలంలో కాగితం చదివేవాళ్ళం కాదు, ఇచ్చిన మనిషి ముఖం చూసి సంతకం పెట్టేవాళ్ళం. ఇప్పటి పిల్లలు నలుగురినీ అడిగిగానీ కలం తీయడం లేదు. వాళ్ళకు అనుమానాలెక్కువని మన ఈడువాళ్ళు నిష్ఠూరమాడుతుంటే, నేను మాత్రం నోరెత్తలేకపోతున్నాను.