మిర్చి మీద వాన

వాన కోసం మీరింకా కప్పకే నీళ్లు పోస్తారా? నిన్న నందిగామ దారిలో, తడిసి ముక్కిపోయిన మిర్చి వాసనకు నా చిన్నతనం గుర్తొచ్చింది.

ఆ ఏడు శ్రావణంలో చినుకు లేదు. పిల్లలం రోకలికి కప్పను కట్టి, ఇంటింటా దానిమీద నీళ్లు పోయిస్తూ మా ఊరు చందర్లపాడంతా తిప్పాం. వాన మాఘంలో వచ్చింది, బావి నీళ్లతో పండించి కల్లంలో ఆరబోసిన మిర్చి మీద. అది అమ్మితేనే మాకు ఏడాది బియ్యం.

“నాయనమ్మా, కప్పకి మన మాట ఆలస్యంగా వినబడిందా?”

నల్లబడ్డ కాయలు ఏరుతూ నాయనమ్మ అంది: “వినబడితే మాత్రం, దానికి పంచాంగం చదవడం వచ్చా ఏంటే? పద, ఈ ఏడు మనకి జొన్న జావే.”

ఇప్పుడు ఆ అకాల వాన తరచూ వస్తోంది. మనుషుల పొగే భూమిని వేడెక్కించి కాలాన్ని దారి తప్పిస్తోందని తెలిసీ, మనం రోకలే వెతుకుతున్నాం.

కప్పను వదిలేయండి. ఓటుకొచ్చినవాణ్ణి కల్లానికి తీసుకెళ్లి, పంట తడవకుండా షెడ్డు ఎప్పుడు కడతావని అడగండి.