పేరు చివర ఖాళీ

మీసాలు సరిగ్గా రాకముందే లోకంలోని కంప్యూటర్లన్నీ నా మాట వింటాయని నమ్మిన రోజులవి. అరసవల్లి రోడ్డులో మావయ్య శుభలేఖల షాపులో చేరి అప్పటికి మూడో నెల. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాసైన ధీమా ఒకటి, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న, సర్వర్లు నడిపే లినక్స్ ఒకటి, ఇవే నా చదువులు. (మావయ్య దృష్టిలో మొదటిదే చదువు, రెండోది రోగం.) అయినా కార్డులన్నీ దాచే సర్వరుకు నేనే దిక్కు.

ఒకరోజు పొద్దున్నే రొయ్యల బాబాయి కంగారుగా వచ్చారు. రేవులో రొయ్యల వ్యాపారం చేస్తారు గనక ఆయనకు ఊరంతా పెట్టిన పేరది. కూతురికి మొదట కుదిరిన సంబంధం తప్పిపోయింది, దాని కార్డు మా దగ్గరే తయారైంది. ఇప్పుడు వేరే సంబంధం కుదిరి, కొత్త వియ్యంకులు కంప్యూటరులో కార్డుల మోడళ్లు చూడడానికి మధ్యాహ్నం మా షాపుకే వస్తున్నారట. “ఆ కుర్రోడి పేరు మీ మిసన్లోన ఆల్ల కంట పడకూడదు బాబూ. మా పాప బతుకు” అన్నారు. రెండు నిమిషాల పని అని కుర్చీ చూపించాను.

పాత వరుడి పేరున్న ఫోల్డరును తీసెయ్యమని కొట్టాను. అలాంటి ఫోల్డరే లేదంది. జాబితా తెరిస్తే ఎదురుగా నవ్వుతూ కూర్చుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్లీ కొట్టాను, సర్వాధికారాలూ ప్రయోగించాను, చివరికి సర్వరే ఆపి మళ్లీ వేశాను. అదే జవాబు. పన్నెండు దాటింది. మావయ్య వెనకాల నిలబడి, “అవుతాదా, అవదా? అవకపోతే విశాఖ నుంచి మనిసిని పిలుస్తాను, నువ్వింక ఇంటికెల్లిపో” అన్నాడు.

ఏటవుతోందని బాబాయి అడిగితే, పేరు పెట్టి పిలుస్తున్నా పలకడం లేదని చెప్పాను. ఆయన తల గోక్కుని, “మా రేవుల పది పడవలకి గంగమ్మ పేరే. పేరెట్టి కేకేస్తే ఏటి తెలుస్తాది? పక్కన నెంబరు రాసుంటాది, అది సూసి పిలుస్తాం” అన్నారు.

లినక్స్‌లో ప్రతి ఫోల్డరుకూ పేరుతో పాటు లోపల ఒక నంబరు కూడా ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ నంబరు బయటికి లాగి, ఈ నంబరున్నదాన్ని తీసెయ్యమన్నాను. మాట్లాడకుండా పోయింది. బాబాయి జాబితాను రెండుసార్లు పైనుంచి కిందికి చూసి కళ్లు తుడుచుకుంటుండగా వియ్యంకుల ఆటో వచ్చి ఆగింది. మావయ్య వాళ్లకు నన్ను “మా మేనల్లుడు” అని పరిచయం చేశాడు. అంతకుముందు ఎవరైనా అడిగితే “కుర్రోడు” అనేవాడు.

అసలు సంగతి సాయంత్రం తెలిసింది. మాటకో స్పేసు కొట్టమని టైపు మాస్టారు వేళ్ల మీద స్కేలుతో నేర్పిన పాఠం ప్రకారం, ఆ ఫోల్డరుకు పేరు పెట్టినప్పుడు చివర కూడా ఒక స్పేసు కొట్టాను. మన కంటికది ఆనదు, కంప్యూటరుకు మాత్రం అదీ పేరులో అక్షరమే, అది లేని పేరుతో ఎంత పిలిచినా పలకదు. ముడి వేసిందీ నేనే, విప్పి మెప్పు పొందిందీ నేనే.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్లిలో బాబాయి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, ఈ పెళ్లి నిలబెట్టినవాడని వచ్చినవాళ్లందరికీ చూపించారు. నేనూ తల దించలేదు. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు, నాకిక నేర్చుకోవడానికేమీ లేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది కూడా. కానీ ఏ పేరు కొట్టినా చివర నా బొటనవేలు ఈనాటికీ స్పేసు మీదికే పోతుంది. ముందు వరసలో కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, నవ్వుకుని, వేలు వెనక్కి తీసుకుంటాను.