రాజమల్లన్న, మూడు ఎయిర్‌గన్నులు

రాజమల్లన్నకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువును చూసినా, ఏ మనిషిని చూసినా ‘‘గిండ్ల ఐబేంది?’’ అంటాడు. ఐబంటే లోపం. అది తెలిసేదాకా ఆయన చేయి జేబులోకి పోదు, తెలిశాక నోరు మూతపడదు.

పెళ్లిచూపుల్లో సాయవ్వను కూడా అదే అడిగాడు. ‘‘పిల్లా, నీల ఐబేంది?’’

ఇల్లంతా నోరు తెరిచింది. సాయవ్వ తల ఎత్తకుండానే ‘‘కోపం’’ అంది.

‘‘నిజం చెప్పింది. గీ పిల్లనే చేసుకుంట!’’

ఆమె చెప్పింది ఎంత నిజమో ముప్పై ఏళ్లుగా మా కోటగిరి వీధి మొత్తానికీ వినిపిస్తూనే ఉంది. నేను కొత్త కారు కొన్నప్పుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘‘బండి మంచిగనే ఉన్నది భూమేష్. ఐబు తోలెటోనిలనే ఉన్నది’’ అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

అందుకే మా ఊరి వీరరాఘవయ్య గారు చవకలో ఒక ఎయిర్‌గన్ను కొనాలనుకోగానే రాజమల్లన్నకు కబురు పెట్టారు. వాళ్లది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. కాలువ కింద పొలం, ఇంటి పక్కనే ధాన్యం కొట్టం. ఆ కొట్టంలో పందికొక్కులు బస్తాలు చీల్చేస్తున్నాయి. మందు పెడదామంటే పెరట్లో కోళ్లున్నాయి, కుక్క ఉంది.

ముగ్గురం నా కారులో బయలుదేరేముందు ఆయన భార్య ఇందిరాదేవి గారు మా ఇద్దరినీ పక్కకు పిలిచారు.

‘‘మొన్న పందికొక్కనుకుని నీళ్ల మోటారును కర్రతో బాదారు. నిన్న నా నల్ల చెప్పును చితక్కొట్టారు. కళ్లు చూపించుకోండి అన్నందుకు రెండు రోజులు అన్నం మానేశారు. ఆ చేతికి తుపాకీ ఏమిటి నాయనా! ఎవరి ప్రాణం మీదికి తెస్తారో!’’

రాజమల్లన్న అంతా విని కారెక్కాడు.

నిజామాబాద్‌లో దుకాణం ఆత్మారాం అనే ఆయనది. రాజమల్లన్న వెళ్తూనే మొదలుపెట్టాడు.

‘‘సేటూ, తక్కువల మంచిది సూపెట్టు. ముందుగాల దాని ఐబు జెప్పు.’’

‘‘కొత్త మాలు భాయ్, ఐబెక్కడిది? మీరే పేల్చి చూసుకోండి.’’

వెనుక ఖాళీ జాగాలో గోడకు ఒక తెల్ల కాగితం అంటించారు. వీరరాఘవయ్య గారు మొదటి గన్ను ఎత్తి, ఊపిరి బిగబట్టి పేల్చారు. కాగితం చెక్కుచెదరలేదు. దానికి మూడు గజాల అవతలున్న బకెట్ నుంచి నీళ్లు కారసాగాయి.

‘‘పెద్దాయనా, మీ కండ్లు...’’ అనబోయాడు ఆత్మారాం.

‘‘ముల్లు వంకర!’’ అని అరిచాడు రాజమల్లన్న. ‘‘గురిసూసే ముల్లే వంకరుంటే గుండు సీదా ఎట్ల పోతది?’’

నేను నిర్ఘాంతపోయాను. ముల్లు నిటారుగా ఉంది. ఉన్న ఐబును ముఖం మీదే చెప్పే మనిషి లేని ఐబు అంటగట్టడం అదే మొదటిసారి చూశాను.

రెండో గన్నుకు కిటికీ అద్దం పోయింది. ‘‘స్ప్రింగు ఢీలా ఉన్నది’’ అన్నాడు రాజమల్లన్న.

మూడో గన్ను గొట్టం మెల్లగా తిరిగి ఆత్మారాం తెల్ల చొక్కా మీద ఆగింది.

‘‘ఆఁ, ఇప్పుడు కాగితం బాగా కనిపిస్తోంది’’ అన్నారు వీరరాఘవయ్య గారు.

ఆత్మారాం బోర్లా పడ్డాడు. నేను చిల్లుపడ్డ బకెట్ వెనక దూరాను. రాజమల్లన్న ఒక్క అంగలో వెళ్లి, గొట్టాన్ని మెత్తగా ఆకాశం వైపు ఎత్తాడు.

‘‘గిది గూడ ఐబుదే బాపూ. ఒక్క దిక్కే గుంజుతున్నది.’’

పగిలిన అద్దానికి డబ్బిచ్చి బయటికొచ్చాక రాజమల్లన్న గొంతు తగ్గించాడు. ‘‘బాపూ, మూడు తుపాకులు ఒక్కసారే కరాబుంటయా? వాటిల ఐబు సూసిన నా కండ్లల్లనే ఏదో ఐబున్నట్టున్నది. కంటి దవాఖానకు జెర తోడు రాండ్రి. నాకు భయమైతుంది.’’

ఆమడ దూరంలో చీమ పాకినా కనిపెట్టే మనిషికి కంటి జబ్బా!

అక్కడ డాక్టరమ్మ గోడమీది పట్టిక చూపించి, ‘‘పైన పెద్దక్షరం ఏంటి?’’ అని అడిగింది.

‘‘అక్షరమా? అసలు గోడేడున్నదమ్మా?’’

డాక్టరమ్మ చేతిలో పెన్ను జారిపోయింది. వీరరాఘవయ్య గారు పకపకా నవ్వారు. ‘‘నీకంటే నేనే నయమయ్యా, లే!’’ అని తానే కుర్చీలో కూర్చున్నారు.

పరీక్ష చేసి, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని చెప్పింది ఆమె. ఆయన ముఖం వాడిపోయింది.

‘‘మీకు దవా అన్న ఉన్నది’’ అన్నాడు రాజమల్లన్న. ‘‘నాకు ఏ రోగమో డాక్టరమ్మకే సమజైత లేదు. మీ నసీబు మంచిది బాపూ.’’

ఆ మాటకు ఆయన మళ్లీ నవ్వారు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. నాకైతే అక్కడే రాజమల్లన్నను కావలించుకోవాలనిపించింది.

రెండు కళ్లూ బాగయ్యాక మళ్లీ అదే దుకాణానికి వెళ్లాం. ఆత్మారాం ఈసారి ఎర్ర చొక్కా వేసుకుని గుమ్మం అవతలే నిలబడ్డాడు. మొదటి గన్నుతో కొట్టిన దెబ్బకు కాగితం నడిమధ్య చిల్లు పడింది.

‘‘రాజమల్లూ, దీని ముల్లే కదూ వంకరన్నావు?’’

‘‘సేటు బాగుచేపిచ్చిండు బాపూ.’’

వీరరాఘవయ్య గారు గన్ను దించి, రాజమల్లన్నను పైనుంచి కిందిదాకా చూశారు. ‘‘ఊళ్లో అందరి ఐబులూ చెప్తావు. నీ ఐబు నేను చెప్పనా? నీకు అబద్ధమాడటం చేతకాదయ్యా.’’

రాజమల్లన్న తెల్లబోయాడు. ఆ వెంటనే నా చెవి దగ్గరికొచ్చాడు.

‘‘గీ ముచ్చట సాయవ్వకు చెప్పకు భూమేష్. నాల ఏ ఐబు లేదని ముప్పై ఏండ్ల సంది చెప్పుకొస్తున్న.’’